అడవి తెర

జనవరి 19

మస్తాన్‌రావు బావ వచ్చాడు. మార్చి 14న మాచవరంలో తన పద్యనాటకం. ఇదే ఆఖరిదన్నాడు. నిరుడు కూడా అలాగే అన్నాడు గాని ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు. పాత అడవి తెరను ఎలుకలు కొట్టేశాయట. దాని బదులు వెనకాల ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టిద్దామని వాళ్ల తమ్ముడి కొడుకు రవిచంద్ర అంటున్నాడట.

"ఆ స్క్రీను ముందు నిలబడితే నా మొహం బొగ్గులాగా కనపడుద్ది బావా. పైగా అందులో చెట్లు ఊగుతున్నయ్. అది చూస్తే నాకు పద్యం ఎగిరిపోద్ది."

డెబ్బై రెండేళ్లు. స్క్రీన్ లేకపోయినా పద్యాలు మర్చిపోతున్నాడు. నాకు తెలుసు, తనకీ తెలుసు. పాత తెర మీద ఎడమ పక్కన పెద్ద మాను. అక్కడ ఆగి మొదటి పద్యం. ఆరడుగులు నడిచి కుడి పక్కన బాట దగ్గరకొస్తే రెండోది. నలభై ఏళ్లుగా అంతే.

"ఆ మాను కాడికొస్తే పద్యం దానంతటదే నోట్లోకొస్తది. ఆ మాను నువ్వే వెయ్యాల."

నేను తెర వేసి పదకొండేళ్లయింది. వేస్తానన్నాను. మా ఆవిడ నాగరత్నం టీ గ్లాసులు పెడుతూ, "ఈ వయసులో నిచ్చెనలెక్కుతారా అన్నయ్యా, ఇద్దరూ కలిసి" అంది. బావ నవ్వాడు.

జనవరి 21

ముతక గాడా గుడ్డ వచ్చింది. మూడు ముక్కలు కలిపి నాగరత్నం మిషన్ మీద కుట్టింది. పొడవు పద్దెనిమిది అడుగులు, ఎత్తు పది. డాబా మీద రేకుల షెడ్డులో గోడకు మేకులు కొట్టి బిగించాను. పొడి రంగులు, సుద్ద, జిగురు నాగూర్ వలి కొట్లో. ముప్పై ఏళ్లుగా అక్కడే.

జనవరి 22

నిన్న ఎత్తు పది అని రాశాను. పదకొండు. టేపు మీద అంకె సరిగా కనపడలేదు, షెడ్డులో వెలుతురు తక్కువ. నిన్నటిది దిద్దను. మిల్లులో ముప్పై ఆరేళ్లు చిట్టా రాశాను. ఒక్క కొట్టివేత లేదు. రాసిన తప్పు అలాగే ఉండాలి. సరైంది తెలిసిన రోజున, ఆ రోజు తేదీ వేసి రాయాలి.

జనవరి 24

జిగురు పలచగా పడింది. గుడ్డకు ముందు జిగురు బాగా పట్టిస్తేనే రంగు పైన నిలబడుతుంది, లేకపోతే గుడ్డ తాగేస్తుంది. ఈ రోజు మాను తొలిపూత వేస్తే రంగంతా లోపలికి దిగిపోయింది. మేకులు ఊడదీసి మళ్లీ జిగురు పెట్టాలి. పెట్టలేదు. పైపూతలకు సర్దుకుంటుంది.

జనవరి 27

మాను బాగా వచ్చింది. బాట కూడా.

నాగరత్నం పొద్దున్నే గోంగూర కుండీలకు నీళ్లు పోసి, షెడ్డు గుమ్మంలో నిలబడి సెల్‌తో ఫోటో తీస్తుంది. మాచర్లలో ఉన్న శ్రీలేఖకు పంపుతుంది. ఇదివరకు కుండీలు పంపేది, ఇప్పుడు తెర. "మీ నాన్న ఎందాకొచ్చాడో చూడు" అని మైకులో చెప్పినంత గట్టిగా ఫోన్లో చెబుతుంది. ఎదురింటివాళ్లు కూడా చూడటానికి వచ్చారు.

జనవరి 30

ఆకులు. మెడ నొప్పి.

ఫిబ్రవరి 2

చెట్ల మధ్య వెన్నెల. అంటే, అక్కడ ఏమీ వేయలేదు. గుడ్డను అలాగే వదిలాను.

ఇరవయ్యో ఏట సత్తెనపల్లిలో ఏదో కంపెనీ నాటకం చూశాను. తెల్లారి వాళ్లు తెర చుట్టేటప్పుడు దగ్గరకెళ్లి చూస్తే చంద్రుడి చుట్టూ రంగే లేదు. వట్టి గుడ్డ. చీకటి వేయాలి, వెలుగు వదిలేయాలి. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆ పూట చూసిందొక్కటే నా చదువు.

ఫిబ్రవరి 4

ఏమీ చేయలేదు. షెడ్డులో కాసేపు కూర్చున్నాను. చెయ్యి ముందుకు వెళ్లలేదు. కందులు ఎండబోశాం.

ఫిబ్రవరి 5

ఏదో తక్కువగా ఉంది.

"అయిపోయిందిగా, ఇంక వదిలెయ్" అంది నాగరత్నం.

"అయిపోయిందని ఎవరు చెప్పారే నీకు?"

"నాకొకళ్లు చెప్పేదేంది? కనపడతంది గందా."

ఆమెకు కనపడితే చాలదు. మాచవరంలో ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కనపడాలి.

ఫిబ్రవరి 7

ఎదురింటి డాబా ఎక్కి అక్కడి నుంచి చూశాను. తెరను దూరం నుంచే చూడాలి. వెన్నెల మురికిగా ఉంది. ఉతకని పంచెలా. గుడ్డ పసుపు తిరిగినట్టుంది, వలి పాత జిగురు ఇచ్చి ఉంటాడు. వెన్నెల ఉన్న చోట సుద్ద ఒక్క పూత పలచగా వేశాను. ఇక ముట్టను.

ఫిబ్రవరి 8

ఇంకో పూత.

ఫిబ్రవరి 9

షెడ్డులో బల్బు మార్చాను. నాగరత్నం పైకి వచ్చి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏందయ్యా ఇది, పెళ్లిపందిరా?" నాకైతే ఇంకా చాలలేదు. మా వీధికి కరెంటు తక్కువ వస్తోంది.

ఫిబ్రవరి 11

సుద్ద వేసినా తెల్లగా కనపడటం లేదు. కాస్త నీలం కలిపితే తెలుపు లేస్తుందని కలిపాను. నీలం పలకలేదు. డబ్బా పట్టుకుని నాగూర్ వలి కొట్టుకు వెళ్లాను.

"ఇందులో సుద్ద కలిపి ఇచ్చావు వలీ."

"సీలు తీసింది నువ్వే కదన్నా."

"ముందు ఇట్టా ఉండేది కాదు."

వలి కాగితం మీద చిటికెడు వేసి, నీళ్ల చుక్క వేసి వేలితో రుద్దాడు. "చూడన్నా. నెమలి మెడ లాగుంది."

నాకు బూడిద రంగు కనపడింది. అదే చెప్పాను. కొట్లో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల ముందు, దొంగ సరుకు అమ్ముతున్నావు అన్నాను. వలి కాగితం మడిచి బల్ల కింద పడేశాడు. "ఇంకో కొట్లో చూసుకో అన్నా" అన్నాడు. చూసుకున్నాను.

ఫిబ్రవరి 13

కొత్త కొట్టు నీలం కూడా అలాగే ఉంది. ఈ రోజుల్లో సరుకంతా ఇంతే. రెట్టింపు వేశాను. వెన్నెల పెంచాక ఆకులు ముదురుగా కనిపించాయి, వాటి మీద కూడా సుద్ద అద్దాను. మాను మీద కూడా.

ఫిబ్రవరి 15

శివరాత్రి. కొండ తిరునాళ్లకు వెళ్లలేదు. సాయంత్రం డాబా మీద నుంచి రోడ్డున పోయే లైట్ల ప్రభలను చూశాను. ఒక్కో బల్బు చుట్టూ చంద్రుడికి గుడి కట్టినట్టు వలయం. జనం తొక్కిడికి దుమ్ము బాగా లేచింది.

ఫిబ్రవరి 18

బావ వచ్చి తెర చూశాడు. మాను ఉన్న చోటికి వెళ్లి దాని ముందు నిలబడ్డాడు. పద్యం ఎత్తుకుంటాడేమో అనుకున్నాను. ఎత్తుకోలేదు.

"బాగుంది బావా" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. బావ నాకు తెలుసు. బాగుంటే తిడతాడు.

ఇంకా రెండు పూతల పని ఉంది. అంతే.

ఫిబ్రవరి 21

శ్రీలేఖ వచ్చింది. స్కూలుకు మూడు రోజులు సెలవు. వచ్చీ రాగానే డాబా ఎక్కింది.

"నాన్నా, ఇది ఏం రంగు?"

"వెన్నెల. తెలుపు."

కిందికి దిగింది. మధ్యాహ్నం నేను దానికి టీ పోస్తే సగం బల్ల మీద పడింది. గ్లాసు జరిపి ఉంటుంది. అప్పుడు తన చున్నీ కొస నా ముందు పెట్టింది.

"ఇదేం రంగు నాన్నా?"

"బూడిద రంగు."

తల్లీ కూతుళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చున్నీ నీలం రంగట. లెక్కల టీచరు గదా, ఒక్క ప్రశ్నతో వదలదు. క్యాలెండరు అంకెలు చదవమంది. అది దూరంగా ఉందని చెప్పాను. "నీ పక్క గోడకే ఉంది నాన్నా" అంది.

ఫిబ్రవరి 23

రెండు కళ్లలోనూ శుక్లాలు. ముదిరాయట. ఎన్నాళ్ల నుంచి మసకగా ఉందని డాక్టరు అడిగాడు. మసక లేదన్నాను. ముందు కుడి కన్ను చేస్తారు. ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులు వంగకూడదు, నిచ్చెన ఎక్కకూడదు, దుమ్ములో ఉండకూడదు. తెర అయ్యాక చేయించుకుంటానన్నాను. శ్రీలేఖ నాతో మాట్లాడలేదు. డాక్టరుతో మాట్లాడి తేదీ తీసుకుంది.

ఫిబ్రవరి 25

కుడి కన్ను అయింది. నొప్పి లేదు. ఇది ఎడమ కన్నుతో రాస్తున్నాను, గీతలు దాటిపోతే పోనీ.

ఫిబ్రవరి 26

కట్టు విప్పారు.

నాగరత్నం జుట్టు ఇంత తెల్లబడిందని నాకు తెలియదు. చెప్పలేదు.

మార్చి 1

పైకి వెళ్లనివ్వలేదు నాలుగు రోజులు, దుమ్మని. ఈ రోజు నాగరత్నం స్నానానికి వెళ్లినప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాను.

అద్దాలు తీసి కుడి కన్నుతో చూశాను. అడవి లేదు. నీలం కలిపి సున్నం కొట్టిన గోడ ఉంది. దాని మీద అక్కడక్కడ చెట్ల ఆనవాళ్లు. మాను బూడిదలో పొర్లి లేచిన గేదెలా ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చూశాను. వెన్నెల. ఎంతో చక్కటి వెన్నెల, ఇంకొక్క పూత వేస్తే సరిపోయేది. మళ్లీ కుడి కన్ను. సున్నం గోడ.

ఎన్నిసార్లు అలా చూశానో తెలియదు. నాగరత్నం వచ్చి చెయ్యి పట్టుకుని దించింది. తిట్టలేదు.

"నీకు ఇట్టా కనపడతానే ఉందా ఇన్నాళ్లూ?" అన్నాను.

"కనపడింది."

"చెప్పలేదేం?"

"చెప్పా గందా, అయిపోయిందని. నువ్వింటివా?"

మార్చి 2

ఆమె సెల్‌లో ఫోటోలన్నీ ఉన్నాయి. రోజుకొకటి, తేదీతో సహా. కుడి కన్నుతో ఒక్కొక్కటి చూశాను. ఫిబ్రవరి 10వ తేదీకి పాడైంది. 8కి పాడవటం మొదలైంది. వెనక్కి పోగా పోగా 7 నుంచి 4 దాకా ఒకటే బొమ్మ. మొదటిది 4వ తేదీ ఫోటో. అందులో ఉంది. చెట్ల మధ్య వట్టి గుడ్డ వెలుగుతోంది. మాను నల్లగా, బరువుగా నిలబడి ఉంది. ఆ ఫోటోలో ఒక్క ఆకు తీయడానికి లేదు, పెట్టడానికి లేదు.

ఆ రోజు ఏం చేశానో ఈ పుస్తకంలో తిప్పి చూశాను. "ఏమీ చేయలేదు" అని ఉంది.

మార్చి 3

బావకు ఫోన్ చేసి స్క్రీన్ పెట్టించుకోమన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మళ్లీ వేయడానికి టైము లేదు, వంగడానికి డాక్టరు ఒప్పుకోడు. బావ అడిగింది ఒక్కటే.

"కన్ను బాగుందా బావా?"

"బాగుంది."

"అయితే సరేలే."

పెట్టేశాడు. సాయంత్రం వాళ్ల ఇంటావిడ నాగరత్నానికి ఫోన్ చేసింది. రవిచంద్ర స్క్రీన్ మాట్లాడాడట. బావ పెరట్లో నిలబడి రెండో పద్యం మూడుసార్లు ఎత్తుకుని మూడుసార్లూ ఆగిపోయాడట. ఇంట్లోకొచ్చి, నాటకమే మానుకుంటానంటున్నాడట.

మార్చి 4

నాగూర్ వలి కొట్టుకు వెళ్లాను. జనం లేని వేళ చూసి వెళ్దామనుకున్నాను. కానీ ఆ మాట జనంలో అన్నాను గనక జనం ఉన్నప్పుడే వెళ్లాను.

"నీ నీలం మంచిదే వలీ. నా కన్నే మంచిది కాదు. తప్పయింది."

వలి నా నల్లద్దాలు చూసి స్టూలు ముందుకు జరిపాడు. "కూర్చో అన్నా. మొన్న కూడా నీలమే చూశావు గాని, నన్ను చూడలా."

తెర సంగతి చెప్పాను. అంతా విని నవ్వాడు.

"అట్టాగే కట్టెయ్యన్నా. పద్యనాటకం చూసేదెవరు? అంతా మన ఈడు వాళ్లే. సగం మందికి శుక్లాలే. వాళ్లకు నీ వెన్నెల బ్రహ్మాండంగా కనపడుద్ది."

నేనూ నవ్వాను. ఇంటికొచ్చే దారంతా ఆ మాటే ఆలోచించాను. అబద్ధం కాదు. కానీ మిగతా సగం మంది ఉన్నారు. బావకు రెండు కళ్లూ ఆపరేషన్ అయ్యాయి.

మార్చి 6

పైకి వెళ్లలేదు.

మార్చి 8

బొల్లాపల్లి నుంచి నాగరత్నం తమ్ముడు రెండు టిక్కీ బస్తాల మిరపకాయలు పంపాడు. డాబా మీద ఎండబోయాలి. కింద పరిచే పట్ట చిరిగిపోయింది.

"నీ తెర పరవనా? ఎట్టాగూ పనికిరాదంటివి."

పరుచుకోమన్నాను. ఎదురింటివాళ్లబ్బాయిని పిలిచి మేకులు ఊడదీయించింది. నేను కింద వసారాలోనే కూర్చున్నాను. పైన గుడ్డ ఈడ్చిన చప్పుడు వినపడింది. తర్వాత ఆమె గొంతు.

"ఏమయ్యా! ఒకసారి పైకి రా."

వెళ్లలేదు.

"రంగు కాయలకంటుద్దని తిరగేసి పరిచా. ఇంకో బొమ్ముందయ్యా ఈడ."

వెళ్లాను. మెట్ల గది దగ్గర నిలబడి చూశాను. తెర వెనక వైపు పైకి ఉంది. దాని మీద అడవి ఉంది.

జనవరిలో జిగురు పలచనై గుడ్డ తాగేసిన రంగు అది. తొలిపూతలన్నీ అటు వైపుకు దిగాయి. ఆ తర్వాత వేసిన సుద్దా నీలమూ పైనే ఆగిపోయాయి, అటు పోలేదు. ఫోటోలోకన్నా కాస్త పలచన. గోడ సున్నం అక్కడక్కడ అంటింది. మేకుల తుప్పు మరకలున్నాయి. కానీ మాను మాను లాగే ఉంది. చెట్ల మధ్య వట్టి గుడ్డ వెలుగుతోంది.

కుడి కన్నుతోనే చూశాను. ఎడమ కన్నుతో చూడలేదు.

నాగరత్నం చేటలో కాయలు పట్టుకుని నిలబడి ఉంది. "పొయ్యనా, వద్దా?" అంది.

మార్చి 9

బావ వచ్చాడు. వెనక వైపు ముందుకొచ్చేలా షెడ్డుకు అడ్డంగా తాడు కట్టి తెర వేలాడదీయించాను. బావ చూసి, "నీ మొహం మండ, మొదలే ఇది చూపించక ఇన్నాళ్లు నన్ను చంపుకు తిన్నావు గదరా" అన్నాడు. మనసు నిమ్మళించింది.

మరుక్షణమే ఇంకోటి కనిపించింది. గుడ్డ తిరగేస్తే బొమ్మ తారుమారైంది. మాను కుడి పక్కకు పోయింది, బాట ఎడమ పక్కకు వచ్చింది. బావ అలవాటుగా ఎడమ నుంచి వచ్చాడు. బాట ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. రెండో పద్యం సగం వచ్చింది, మొదటిది రాలేదు.

"నలభై ఏళ్లు అటు నుంచి వచ్చా బావా. కాళ్లు ఎట్టా మాట వింటయ్?"

"అయితే స్క్రీన్ పెట్టుకో."

"నోర్ముయ్."

బయటికి వెళ్లి కుడి నుంచి వచ్చాడు. పదకొండు సార్లు. చివరి మూడుసార్లు మాను దగ్గర ఆగాడు, పద్యం వచ్చింది. నాగరత్నం పాత చీరల మీద పోసిన కాయలు తిరగేస్తూ, "ఈసారి ఆ దీర్ఘం తగ్గింది అన్నయ్యా" అంటోంది. బావ రవిచంద్రకు ఫోన్ చేసి స్క్రీన్ వద్దని చెప్పాడు. అతను ఏదో అన్నాడు. "ఒరేయ్, నువ్వు లైట్లు చూసుకో చాలు" అని పెట్టేశాడు.

మార్చి 11

మాను మొదలు దగ్గర గోడ సున్నం మరక ఒకటి అరచెయ్యంత ఉంది. దూరం నుంచి కూడా కనపడుతుంది. వేలాడేసిన తెరకు వంగే పని లేదు, స్టూలు మీద కూర్చుంటే అందుతుంది. ముదురు రంగు కొంచెం కలిపాను. ఇప్పుడు కన్ను సరిగానే ఉంది, రంగు సరిగానే కుదిరింది. కుంచె ముంచాను.

ఫిబ్రవరి 7న కూడా "ఒక్క పూత, ఇక ముట్టను" అని రాశాను.

రంగంతా కుండీ మట్టిలో పోశాను. గోంగూరకు ఏమీ కాదనుకుంటాను. కుంచె కడిగి పెట్టాను.

మార్చి 13

తెర చుట్టాం. ముందు వైపు సుద్ద పెచ్చులు పెచ్చులుగా రాలింది. నాగరత్నం ఊడ్చి ఎత్తింది, చేటెడు.

మార్చి 15

నిన్న మాచవరం. వలి కూడా వచ్చాడు. ఇద్దరం ఆఖరి వరుసలో కూర్చున్నాం. అడవి రంగం మూడోది. తెర దిగగానే వలి నన్ను మోచేత్తో పొడిచాడు. సున్నం మరక కనపడింది. మాను కింద మొలిచిన గడ్డి దుబ్బు అనుకున్నారేమో జనం, ఎవరూ అడగలేదు.

బావ ఎడమ నుంచి వచ్చాడు.

అది బాట ఉన్న పక్క. నాలుగడుగులు వేసి, తెర వైపు తిరిగి, మాను ఎక్కడుందో వెతికాడు. హార్మోనియం ఆయన ఆ వరసే మళ్లీ వాయించాడు. బావ అడవిలో దారి తప్పినవాడిలా అటూ ఇటూ చూస్తూ, చెట్ల మధ్య వెలుగు ముందు నుంచి మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, మాను దగ్గర ఆగాడు. చెయ్యెత్తి దాన్ని తాకినంత పని చేశాడు. పద్యం ఎత్తుకున్నాడు. ఆగలేదు. అక్కడి నుంచి బాట దగ్గరకొచ్చి రెండోది. వన్స్‌మోర్ అన్నారు. మళ్లీ పాడాడు.

దిగి వచ్చాక, "కావాలనే అట్టా చేశా" అన్నాడు. అవునన్నాను.

నాటకం అయ్యాక రవిచంద్ర తెర చుట్టించుకుని వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. వచ్చే వారం ఎడమ కన్ను ఆపరేషన్.

ఫిబ్రవరి 4న రాయవలసింది తెలిసింది గనక ఈ రోజు తేదీలో రాస్తున్నాను: అడవి తెర పూర్తయింది.